కుమారి పాయింట్ వద్ద ఒక మధ్యముడు

భర్తృహరి తన నీతిశతకంలో మనుష్యులను మూడు తెగలుగా విభజించాడు. విఘ్నాలు కలుగునేమో అన్న భయంచేత పనికి పూనుకొననే పూనుకొననివారు అధములు. పూనుకొని, విఘ్నం ఎదురైనంతనే విడిచిపెట్టేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు తాకినా పట్టిన పని వదలనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి చేతిలో ఆ శ్లోకం తెలుగు పద్యమై, బడిపిల్లలకు కంఠస్థమై, తరతరాలకు ధైర్యాన్ని బోధిస్తూ వచ్చింది. అందులో మధ్యముని స్థానం ఏమంత గౌరవప్రదమైనది కాదు. బయలుదేరినందుకు అతనికి మెప్పు లేదు. నడుమ ఆగినందుకు నింద మాత్రం ఉన్నది. విశాఖపట్నం నుండి లిటిల్ అండమాన్‌కు అలల మీద స్వారి చేయడానికి వెళ్ళిన ఒక యువకునికి ఈ పద్యం చిన్ననాటినుండి నోటికి వచ్చును. అది తనకు ఇంతగా అడ్డు తగులుతుందని మాత్రం అతడు అనుకోలేదు.

లిటిల్ అండమాన్ ద్వీపం అండమాన్ దీవుల వరుసలో దక్షిణపు కొసన ఉన్నది. దానికి ఉత్తరాన డంకన్ జలసంధి. దక్షిణాన టెన్ డిగ్రీ ఛానెల్ అనే విశాలమైన జలమార్గం, దాని కావల కార్ నికోబార్. 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చుకొన్న పోర్ట్ బ్లెయిర్ నుండి ఓడ ఎక్కినవారు ఈ ద్వీపపు తూర్పు తీరాన ఉన్న హట్ బే రేవులో దిగుతారు. తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకుల సంతతివారు, హార్మిందర్ బేలోని నికోబారీలు, తెలుగు తీరం నుండి వలస వచ్చిన జాలరులు ఈ తూర్పు ఒడ్డునే కాపురముంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపసమూహంలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వారిలో చాలమంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలవారు. ద్వీపపు పడమటి భాగం చాలవరకు ఓంగే జాతివారిది. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధన ప్రకారం అనుమతి లేనిదే బయటివారు అక్కడ అడుగు పెట్టరాదు. అందుచేత యువకుడు పడవ మాట్లాడుకొనక ముందే, ఎంతవరకు వెళ్ళవచ్చునో, ఎక్కడ దిగరాదో హట్ బేలోని అధికారులను అడిగి తెలుసుకొన్నాడు.

ఈ ద్వీపంలో అలలస్వారికి రెండు చోట్లు చెప్పుకోదగినవి. ఒకటి హట్ బేకు ఉత్తరాన, తూర్పు తీరంలోని బట్లర్ బే. నైరుతి నుండి వచ్చే కెరటం ద్వీపపు దక్షిణపు కొస చుట్టూ వంగి తిరిగి, ఆ తిరుగుడులో బలమంతా పోగొట్టుకొని అక్కడికి చేరుతుంది. అడుగున ఇసుక. పడినవాడు నవ్వుకొంటూ లేస్తాడు. రెండవది కుమారి పాయింట్. ఇది నైరుతి కొసన సముద్రంలోనికి చొచ్చుకొని పోయిన పగడపు దిబ్బ. కెరటం అక్కడికి వంగకుండా, తగ్గకుండా, నేరుగా వస్తుంది. 1998లో జాన్ కల్లహన్ అనే ఛాయాగ్రాహకుడు, అతని వెంట వచ్చిన కొందరు విదేశీ క్రీడాకారులు నౌక మీద ఈ తీరాలు తిరిగి చూచిన తరువాత ఈ అల పేరు లోకానికి తెలిసింది. అలలస్వారి చేసేవారి ప్రపంచంలో అది నేర్పరుల అలగా పేరు పడినది.

యువకుడు నేర్పరి కాడు, కొత్తవాడూ కాడు. ఋషికొండ ఇసుకతీరంలో నాలుగేండ్లు సాధన చేశాడు. పలక మీద బోర్లా పడుకొని చేతులతో నీటిని వెనుకకు తోస్తూ అల వెనుకకు చేరగలడు. అల తన్ను ఎత్తిన క్షణాన లేచి నిలువగలడు. అల ముఖం మీద అడ్డంగా జారుకొంటూ పోగలడు. ఛాతీ ఎత్తు అల అతనికి ఆనందం. తల ఎత్తు దాటిన అల ఇంకా అతని నిద్రలోనికి వచ్చును. ఇట్టివానినే ఈ విద్యలో మధ్యముడంటారు. కొత్తవానిని భయం కాపాడుతుంది. నేర్పరిని అభ్యాసం కాపాడుతుంది. మధ్యమునికి భయం సగం పోయి ఉంటుంది, అభ్యాసం సగమే వచ్చి ఉంటుంది.

మార్చి నడుమనుండి మే నడుమవరకు అక్కడ మంచి కాలం. ఆ కాలంలో ద్వీపం చుట్టూ గాలి తక్కువ. అయినను కెరటాలు వస్తూనే ఉంటాయి. ఏలననగా అవి అక్కడ పుట్టినవి కావు. భూమధ్యరేఖకు దక్షిణాన నలభై, ఏభై అక్షాంశాల నడుమ సంవత్సరమంతా వీచే పెనుగాలులు నీటిని మర్దించి పుట్టించినవి. తుపాను చోటు దాటిన తరువాత ఆ అలలు చిందరవందర వదలి, పొడుగైన కెరటాలుగా కుదురుకొని, ఉత్తరంగా సాగిపోతాయి. ఒక శిఖరానికీ మరొక శిఖరానికీ నడుమ 15 సెకనుల వ్యవధి గల కెరటం నడిసముద్రంలో దాదాపు 350 మీటర్ల పొడవుంటుంది. దాని శక్తి గంటకు సుమారు 42 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఆరువేల కిలోమీటర్లు దాటి అండమాన్‌ను చేరడానికి ఆరు రోజులు పట్టును. ద్వీపం మీద ఆకు కదలకపోయినా దిబ్బ మీద అల ఉరుముతూ ఉండడానికి కారణం ఇదే.

ఈ ఆరు రోజుల ప్రయాణమే ముందుగా హెచ్చరించడానికి వీలు కల్పిస్తున్నది. హైదరాబాదులో 1999లో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అండమాన్ తీరానికి కూడా కెరటాల ఎత్తు, వ్యవధి, దిక్కు ముందుగా ప్రకటిస్తున్నది. సముద్రం కనుపించని నగరంలో కూర్చున్నవారు దూరపు కెరటం రాకను జాలరికి చెప్పడం ఈ కాలపు వింతలలో ఒకటి. గాలి, వాన లేకుండ హఠాత్తుగా వచ్చి ఒడ్డును ముంచే ఇట్టి కెరటాన్ని కేరళ జాలరులు కల్లక్కడల్ అంటారు. అనగా దొంగవలె వచ్చే సముద్రమని అర్థం.

యువకుడు హట్ బే చేరిన నాడు ప్రకటనలో కెరటం ఎత్తు రెండు మీటర్లు, వ్యవధి 15 సెకనులు అని ఉన్నది. ఋషికొండలో అంత ఎత్తు అలలను అతడు చూచాడు, ఒకటి రెండు మార్లు ఎక్కాడు కూడా. కాని అవి బంగాళాఖాతపు గాలికి అప్పటికప్పుడు లేచిన పొట్టి అలలు. వ్యవధి ఏడెనిమిది సెకనులు. ఎత్తు ఒక్కటే అయినా, ఎనిమిది సెకనుల అల కంటె పదిహేను సెకనుల అల మోసుకొని వచ్చే శక్తి దాదాపు రెట్టింపు. అంతే కాదు; పొడవైన కెరటం లోతు తగ్గిన కొలదీ మరింతగా పైకి లేస్తుంది. నడిసముద్రంలో నడుము ఎత్తుగా ఉన్నది దిబ్బ మీద తలను మించవచ్చును. ప్రకటనలోని మొదటి అంకెను చూచి, రెండవ అంకెను చూడకపోవడం మధ్యములకు అలవాటైన పొరపాటు.

పడవ నడిపేవాడు అరువది యేండ్లు దాటిన తెలుగు జాలరి. అక్కడివారు డుంగీ అనే ఇంజను పడవ ఆయనది. తండ్రి శ్రీకాకుళం తీరం నుండి వచ్చి స్థిరపడ్డాడు. తెప్ప మీద ఒడ్డు కెరటాలను దాటే విద్య తెలిసిన కులం. పలక మీద నిలబడి అల ఎక్కడం ఆయనకు పిల్లల ఆటవలె తోచినా, అల ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరగదో ఆయనకు తెలిసినంతగా యువకునికి తెలియదు.

మొదటి రోజు పున్నమి. వారు తెల్లవారకముందే బయలుదేరి, కుమారి పాయింట్ ప్రక్కన లోతు నీటిలో పడవ నిలిపారు. పగడపు దిబ్బకు చేరువలోనే లోతైన కాలువ వంటి చోటు ఒకటి ఉన్నది. అక్కడ అల విరగదు. దాని నుండి చూస్తే అల ప్రక్కనుండి కనుపిస్తుంది. కెరటం దిబ్బను ఏటవాలుగా తాకుతుంది. మొదట దిబ్బ తలను తాకిన భాగం విరుగుతుంది. తరువాత ఆ విరుపు తీరం వైపు ముఖం పెట్టినవానికి కుడిచేతి దిక్కుగా, చాప చుట్ట విప్పినట్లు, వరుసగా సాగుతుంది. ఇసుక అడుగున ఉన్న చోట అల ఈ రోజు ఇక్కడ, రేపు అక్కడ విరుగుతుంది. ఇక్కడ అడుగు కదలదు కనుక అల కూడా చోటు తప్పదు. దిబ్బ అల గొప్పతనం అది. దాని క్రౌర్యం కూడా అదే. తప్పు చేసినవాడు ప్రతిసారీ అదే పగడపు రాయి మీద పడును.

ఆ రోజు అలలు తలకు మించి ఉన్నాయి. యువకుడు పలక చేతబట్టుకొని లేచాడు. ముసలివాడు వారించలేదు. "అలని సూడకు బాబూ. ఇరిగినాక నీరు ఎటెల్తందో అది సూడు" అన్నాడు.

యువకుడు అరగంటసేపు చూచాడు. అలలు ఒకదాని వెంట ఒకటిగా నాలుగైదు వచ్చి, తరువాత పది నిమిషాలు సముద్రం ఏమీ ఎరగనట్లు ఉండేది. ఆ విరామం చూచినవానికి ఇంతేగదా అనిపిస్తుంది. పెద్ద గుంపు వచ్చినప్పుడు, విరిగిన నీరంతా దిబ్బ మీదుగా లోపలికి పొర్లి, మరల కాలువ గుండా బయటికి పారుతున్నది. దిబ్బకు లోపలి వైపున, నీరు సన్నబడిన చోట, గోధుమరంగు పగడాలు క్షణంసేపు బయటపడి మరల మునుగుతున్నాయి. అల తప్పినవాడు చేరే చోటు అదే. అతడు పలకను పడవలో మరల పెట్టాడు. ఆ రాత్రి హట్ బేలోని బసలో పద్యంలోని మొదటి తరగతివాడు తానేనేమో అన్న అనుమానం అతన్ని నిద్రపోనీయలేదు.

రెండవ రోజూ, మూడవ రోజూ బట్లర్ బేలో సాధన చేశాడు. కయ్యల ముఖద్వారాల వద్ద ఉప్పునీటి మొసళ్ళుంటాయని స్థానికులు చెప్పినందున వాటికి దూరంగా ఉన్నాడు. దక్షిణపు తుపాను నుండి మొదట వచ్చేవి పొడుగు వ్యవధి కెరటాలు. తరువాతివి క్రమంగా పొట్టివీ, బలహీనమైనవీ. నాలుగవ రోజు ప్రకటన ఒక మీటరు, 12 సెకనులు అని వచ్చింది. ముసలివాడు ప్రకటన చూడలేదు, తిథి చూచాడు. తదియ. పున్నమికి, అమావాస్యకు అక్కడ పోటుకూ పాటుకూ నడుమ రెండు మీటర్ల వరకు తేడా ఉంటుంది. అష్టమి, నవమి నాళ్ళ వరకు అది తగ్గుతూ పోతుంది. తదియనాడు పోటు మధ్యాహ్నానికి నిండును. అనగా ఉదయమంతా నీరు ఎక్కుతూ ఉంటుంది, దిబ్బ మీద లోతు పెరుగుతూ ఉంటుంది. ఉదయపు గాలి ఈశాన్యం నుండి, నేల మీదుగా, అల ముఖానికి ఎదురుగా మెల్లగా వీస్తుంది. అట్టి గాలి అలను నిలబెట్టి, నునుపు చేసి, విరుపును కొంచెం ఆలస్యం చేస్తుంది. చిన్న కెరటం, ఎక్కే నీరు, నేలగాలి ఈ మూడూ కలిసిన పూటయే ఆ దిబ్బ మధ్యమునికి ఇచ్చే అవకాశం. మూడింటిలో ఒకటి తప్పినా అది మరల నేర్పరుల అలయే.

తొమ్మిది గంటలకు యువకుడు కాలువ గుండా పలక మీద బయలుదేరాడు. కాలికి పలకను కట్టిన తాడును రెండుమార్లు లాగి చూచుకొన్నాడు. దిబ్బ తల వద్దకు పోలేదు. విరుపు మెత్తబడే భుజం వద్ద, కాలువకు దగ్గరగా ఆగాడు. తప్పితే పగడాల మీదికి గాక లోతులోనికి కొట్టుకొని పోయే చోటు అది. పడవలసి వస్తే కాళ్ళు చాపకుండా, నీటి మీద వెడల్పుగా పడవలెననీ, పగడం మీద నిలబడరాదనీ అతడు విని ఉన్నాడు. పగడం జీవి, కాలు మోపితే దానికి చావు. మనిషికి గాయం, ఆ గాయం వెచ్చని తేమగాలిలో త్వరగా చీము పట్టును.

మొదటి రెండు అలలను అతడు వదలివేశాడు. మూడవది ఛాతీ ఎత్తుగా వచ్చింది. నాలుగైదు బారలు చేతులతో తోసి, అల ఎత్తినంతనే లేచాడు. ఋషికొండలో లేచిన తరువాత ఆలోచించడానికి సమయం ఉండదు. అల వెంటనే కూలిపోతుంది. ఇక్కడ అల కూలలేదు. కుడివైపుగా గోడ కట్టినట్లు ముందుకు సాగుతూనే ఉన్నది. నీరు ఎంత స్వచ్ఛమనగా, పాదాల క్రింద పగడాల కొమ్మలు, వాటి నడుమ చేపలు వెనుకకు పరుగెత్తుతున్నట్లు కనుపించాయి. ఆ దృశ్యం ఆనందమో భయమో అతడు తేల్చుకొనలేకపోయాడు. కాలువ చేరిన తరువాత అతనికి ఊపిరి తీసుకొనడం గుర్తుకు వచ్చింది.

అట్లు మధ్యాహ్నం లోపల ఏడు అలలు ఎక్కాడు. ఒకదానిలో పడ్డాడు; మోచేయి మాత్రం గీసుకొన్నది. పన్నెండున్నరకు పడవలో ముసలివాడు లేచి నిలిచి తువ్వాలు ఊపాడు. యువకుడు దగ్గరకు వచ్చాడు.

"నీరు తిరిగింది బాబూ."

సముద్రంలో అతనికి ఏ మార్పూ కనుపించలేదు. దిబ్బ మీద నీరు నిండుగానే ఉన్నది. గాలి మాత్రం ఆగింది; ఇంకా ఎదురు తిరుగలేదు. చేతులు బరువెక్కాయి గాని, లేవనంత కాదు.

"ఇంకొక్కటి, తాతా. అంతే."

ముసలివాడు కాసేపు మాటాడలేదు. తరువాత, "ఆ ఒక్కటీ ఎక్కినాక మళ్ళీ ఇంకొక్కటంటావు. నానూ నీ యీడున అలాగే అన్నాను" అన్నాడు.

ఆయన మాటల్లో నీతిబోధ లేదు. ఆయన ఇంటినీ, మొదటి పడవనూ 2004 డిసెంబరు 26 నాటి సునామీ తీసికొని పోయింది. ఆ ఉదయం ఆరున్నరకు సుమత్రా వద్ద మొదలైన భూకంపం అండమాన్ వరకు సముద్రగర్భాన్ని చీల్చింది. ఉత్తర సెంటినెల్, ఇంటర్‌వ్యూ ద్వీపాల వద్ద పగడపు దిబ్బలు మీటరుకు పైగా లేచి గాలికి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగింది. హట్ బే పెద్ద దెబ్బ తిన్నది. అదే ద్వీపపు ఉత్తర భాగాన డ్యూగాంగ్ క్రీక్ వద్ద ఉన్న ఓంగేలు మాత్రం సముద్రపు తీరు మారడం చూచి అడవిలోని ఎత్తైన చోటికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకొన్నారు. వారి వద్ద యంత్రాలు లేవు. పెద్దలు చెప్పిన మాట ఉన్నది. ఏమి జరుగబోతున్నదో నిలబడి చూడవలెనన్న కుతూహలాన్ని వారు జయించారు. కనుకనే మిగిలారు.

యువకుడు పడవ అంచు పట్టుకొని వెనుకకు చూచాడు. కొత్త గుంపు వస్తున్నది. మొదటి అల దిబ్బ తలను తాకి, తెల్లగా విరిగి, కుడివైపుగా ఎక్కడా తొందర లేకుండ సాగిపోయింది. ఆ రోజు వచ్చిన అలలలో అదే అందమైనది. దానిని ఎక్కి ఉంటే ఏ అపాయమూ జరిగి ఉండేది కాదేమో. అతడు పలకను పడవలోనికి అందించాడు. తరువాత తాను ఎక్కాడు.

తిరుగు ప్రయాణంలో చాలసేపు అతనికి ఆ అలయే కండ్లముందు నిలిచింది. ముందుకు పోయి గెలిచినవానికి గెలుపు సాక్ష్యం. ముందుకు పోయి దెబ్బ తిన్నవానికి గాయం సాక్ష్యం. సమయానికి వెనుకకు మళ్ళినవానికి మాత్రం తాను చేసినది సరియేనని చెప్పే సాక్ష్యం ఏదీ దొరకదు. ఓంగేల వలె వెనుకకు మళ్ళిన గంటలోనే సముద్రం సాక్ష్యం చెప్పడం అరుదు. మిగిలినవారందరు జీవితమంతా ఆ ఎక్కని అలను తలచుకొంటూనే ఉండవలెను. వెనుకకు మళ్ళడంలోని కష్టం పిరికివాడన్న నిందలో లేదు; ఈ నిరూపణ లేనితనంలో ఉన్నది.

భర్తృహరి మధ్యముడు విఘ్నాన్ని చూచి పనిని విడిచిపెట్టాడు. ఈతడు పనిని విడిచిపెట్టలేదు, పూటను విడిచిపెట్టాడు. రెండింటికీ భేదం ఉన్నదని అతనికి ఆ పడవలో తోచింది. ఎన్ని విఘ్నాలు తాకినా వదలనివాడు ఉత్తముడన్నప్పుడు, వదలకపోవడమంటే ఒక్క ఊపున చివరిదాకా పోవడమేనని కవి అనలేదు. మరల వచ్చేవాడు కూడా వదలనివాడే గదా! మరల రావలెనంటే ముందు క్షేమంగా తిరిగిపోవలెను.

హట్ బే రేవు కనుపించేసరికి సముద్రపు గాలి నైరుతి నుండి గట్టిగా లేచి నీటిని చిన్న చిన్న అలలుగా చెదరగొట్టింది. ముసలివాడు ఇంజను తగ్గించి, మోచేతి గాయాన్ని మంచినీటితో కడిగి మందు రాసుకొమ్మని చెప్పాడు. ఎప్పుడు మరల వెళ్ళవచ్చునని యువకుడు అడిగాడు. ఆయన వ్రేళ్ళ మీద తిథులు లెక్కపెట్టుకొన్నాడు.

"నీరు సెప్పాల బాబూ. రేపు తెల్లారి సూద్దారి."